డబ్బాల క్రింది వార్తలు

వార్తాపత్రిక మన యింట ప్రవేశించు విధము మీ రెరుగనిది కాదు. తెల్లవారగనే వాకిట పడిన పత్రికను మొదట మా వారు చదువుదురు. పిమ్మట ప్రక్కయింటి పెద్దాయన చదువుదురు. మధ్యాహ్నమునకు మా పిల్లవాడు ఆటల పుటను చించుకొని పోవును. సాయంకాలమునకు నా చేతికి వచ్చునది పత్రిక కాదు, దాని యవశేషము. దానిని నేను చదువుదునా యనిన, చదువను. మడిచి అలమరలో పెట్టుదును. పప్పుడబ్బాల క్రిందను, ఊరగాయ జాడీల క్రిందను పరచుట కది యక్కరకు వచ్చును.

ఏటి కొకమారు ధనుర్మాసమున ఇల్లు దులుపునపుడు డబ్బాలన్నియు దింపి, పాత కాగితములు తీసి, క్రొత్తవి పరచుదును. లోకములో నేమి జరిగినదో నాకు తెలియునది ఆ దినముననే. పని నొకప్రక్క పెట్టి, కాళ్ళు చాపుకొని, దుమ్ము విదిలించి, ఆ పాత కాగితములను ఒక్కొక్కటిగా చదువుదును. ఈ లెక్కన మా వారికంటె నేను మూడునాలుగేండ్లు వెనుకబడి యున్నాను. అయినను ఇందొక సుఖము కలదు. వేడివేడి వార్త నోరు కాల్చును. చల్లారిన వార్త నిదానముగా రుచి చూడనిచ్చును.

ఈ యేటి దులుపుడులో దొరికిన వానిలో కొన్నింటిని మీకు చదివి వినిపింతును.

కందిపప్పు డబ్బా క్రింద నుండినది 2021వ సంవత్సరము జూలై నెల కాగితము. రాజమహేంద్రవరమున నొక తండ్రి, యానాములో నున్న తన కుమార్తె యత్తవారింటికి ఆషాఢపు సారె పంపెనట. సారె యన మన మెరిగినదే కదా! పసుపు, కుంకుమ, చీర, రవికగుడ్డ, చలిమిడి, లడ్డూలు, ఒక అరటిగెల. ఆ తండ్రి పంపినది వేయి కిలోల కూరగాయలు, వేయి కిలోల చేపలు, 250 కిలోల మిఠాయిలు, 10 మేకపోతులు, 50 కోళ్ళు.

మేము శాకాహారులము గనుక మేకపోతుల సంగతి నాకు తెలియదు. ముత్తయిదువలకు తాంబూలముతోపాటు మేకపోతు నెట్లు పంచిపెట్టుదురో ఆ యింటివారే చెప్పవలెను. కూరగాయల లెక్క మాత్రము నాకు తెలియును. దినమునకు 4 కిలోల చొప్పున తరిగినను వేయి కిలోలు ముగియుటకు 250 దినములు పట్టును. వంకాయ రెండవనాటికే ముడుతలు పడును గదా! ఊరెల్ల పంచియుందురని నా నమ్మకము. అట్లు పంచుటయు మంచిదే. కాని వాహనములు వాకిట నిలిచిన క్షణమున ఆ యింటి యిల్లాలు సారెను చూచి సంతోషించెనో, కత్తిపీటను చూచి మూర్ఛిల్లెనో పత్రికవారు వ్రాయలేదు.

చింతపండు జాడీ క్రింద దొరికినది 2022వ సంవత్సరపు సంక్రాంతి నాటిది. ఇది మీరందరును ఎరిగిన వార్తయే. నరసాపురమున నొక కుటుంబమువారు తమ యింటి పిల్లకు కాబోవు వరుని పండుగకు పిలిచి, 365 పదార్థములతో విందు చేసిరి. సంవత్సరమునకు దినము లెన్నియో వంటకము లన్ని యన్నమాట. కూరలే ముప్పది రకములట. పులిహోర, బిరియాని, మన గోదావరి మిఠాయిలు, పండ్లు, కేకులు, బిస్కత్తులు, శీతలపానీయములు అన్నియు కలిపి ఆ సంఖ్య నిండినది. పెండ్లి యింకను కాలేదు సుమండీ! కాకమున్నే 365 పెట్టినవారు, పెండ్లియైన తరువాతి లీపు సంవత్సరమున 366 పెట్టవలసి వచ్చునని తలచిరో లేదో!

నే నొక చిన్న గణితము చేసితిని. ఒక్కొక్క పదార్థమునకు ఒక్క నిమిషము చొప్పున కేటాయించినను ఆ పెండ్లికుమారుడు ఆరుగంటల అయిదు నిమిషములు పీటమీద కూర్చుండవలెను. ఏకచక్రపురమువారు బకాసురునికి పంపినది బండెడన్నము, రెండు దున్నపోతులు, ఒక మనుష్యుడు. అంత రాక్షసునికిని లెక్కకు మూడే పదార్థములు! అతడు కలియుగమున గోదావరి యొడ్డున అల్లుడై పుట్టియుండిన, భీమునితో పనిలేకయే అజీర్ణముచేత చచ్చియుండును.

ఆ తరువాత నీ సంఖ్య ఆగినదా? 2023లో భీమవరమున 173 పదార్థములు పెట్టినవారును పత్రిక కెక్కిరి. 2025 సంక్రాంతికి యానామున నొక కుటుంబమువారు 470 పెట్టిరి. నా గణితము ప్రకారము అది యేడుగంటల యేబది నిమిషములు, అనగా మా వారు బడిలో నుండు కాలముకంటె నెక్కువ.

ఈ వార్తలన్నిటిలోను అల్లుని పటము ఉన్నది. వరుసలు దీర్చిన గిన్నెల పటము ఉన్నది. వండినవారి పటము మాత్రము నాకు కనబడలేదు. గిన్నెలు తోమినవారి ముచ్చట యసలే లేదు. ఇది పత్రికలవారి దోషమని యనను. మనుచరిత్రమున పెద్దనగారును ఇట్లే చేసిరి. ప్రవరుని యిల్లాలు వేలకొలది యతిథులు వచ్చినను అలసట యెరుగక వండునని యాయన ఎంతో యందముగా చెప్పిరి. మా తాతగారు నాకా పద్యము చెప్పుచుండగా, అప్పటికి నాకు పన్నెండేండ్లు, "తాతగారూ, అలసట లేదని ఆమె చెప్పినదా, పెద్దనగారు చెప్పిరా?" యని యడిగితిని. తాతగారు కొంచెముసే పాలోచించి, "ఇంతవరకు ఏ వ్యాఖ్యాతయు ఈ శంకను లేవనెత్తలేదు" అని తరువాతి పద్యమునకు పోయిరి.

ఆ కాగితము చేతిలో నుండగనే ఫోను మ్రోగినది. మా అక్కయ్య.

మా అక్కయ్య కాపురము రాజోలు ప్రాంతమున. పెద్దకూతురికి వైశాఖమున పెండ్లి చేసినది. ఇది క్రొత్త అల్లుడు వచ్చు మొదటి సంక్రాంతి. అక్కయ్య గొంతు సన్నగా నుండినది. "చెల్లీ, పండుగకు నాలుగు దినములు ముందుగా రాగలవా? మీ బావగారు 108 పదార్థములు పెట్టవలె ననుచున్నారు" అనినది.

నేను నవ్వితిని. అక్కయ్య నవ్వలేదు.

సంగతి యిది. వారి యూరినుండి సఖినేటిపల్లి రేవునకు పోయి పంటు ఎక్కిన, వశిష్ఠ దాటగనే నరసాపురము. మనుష్యులు దాటుటకు పంటు కావలెను గాని, గొప్పలు దాటుటకు అక్కరలేదు. ఆ 365 మాట నాలుగేండ్లుగా ఏటి కీవలియొడ్డున తిరుగుచునే యున్నది. మూడువందలు మనవల్ల కాదు గాని అష్టోత్తరశతమైన నుండవలెనని బావగారి సంకల్పము. రాబోవు రెండు దింపుల కొబ్బరికాయలకు వర్తకునివద్ద ముందుగనే సొమ్ము తెచ్చినారు. ఆ సొమ్ము నిజమునకు రెండవ పిల్ల కళాశాల ఫీజునకు ఉద్దేశించినది. ఆమె చదువు రెండవ యేడు. మాఘమున ఫీజు కట్టవలెను. దీనిపైని మా అక్కయ్య కార్తికమున తులసికోట యొద్ద జారిపడినది. కుడి మణికట్టు ఇంకను వాచియే యున్నది. బరువెత్తవలదని వైద్యుడు చెప్పినాడు. 108 పదార్థములను వండవలసిన చేయి అదియే.

ఆ రాత్రి నిద్రపట్టక తక్కిన కాగితములను ముందువేసుకొంటిని.

మా అత్తగారి ట్రంకుపెట్టె యడుగున 2011వ సంవత్సరపు కాగితము దొరికినది. అప్పటికి నేను క్రొత్తకోడలను. ఆ తొలకరిని మన కోనసీమ రైతులు ఊడ్పులు మాని, పదివేలకొలది యెకరములను బీడుపెట్టిరి. "క్రాప్ హాలిడే" అను మాటను మన ముసలమ్మలుకూడ అప్పుడే నేర్చిరి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసినది మొదలు నీటికి లోటెరుగని సీమలో, నీరుండగా చేను దున్నకుండుట దేశమునకు వింతవార్త యైనది. పెట్టుబడి తిరిగి రాకపోవుట, మురుగుకాలువలు పూడి చేలు మునుగుట, కూలీలు దొరకకపోవుట, ధాన్యమునకు తగిన ధర లేకపోవుట కారణములని రైతులు చెప్పిరి. ప్రభుత్వము మోహన్ కందాగారి యధ్యక్షతన నొక సంఘమును నియమించి విచారింపజేసినది. 2022లోను మన మండలములు కొన్నింట ఈ మాట మరల వినబడినది.

నాడు మా మామగారు అరుగుమీద కూర్చుండి, "బ్యాంకులకు సెలవు, కచేరీలకు సెలవు, బడులకు సెలవు, నేడు పొలమునకును సెలవు" అనిరి. లోపలనుండి మా అత్తగారు, "ఏమండీ, భోజనమునకు లేవుడు, చల్లారిపోవుచున్నది" అనిరి. ఆ రెండు మాటలలోని పొందిక నాకు నాడు తట్టలేదు. ఇప్పుడు తట్టినది.

మినపపప్పు డబ్బా క్రింద దొరికినది 2023 అక్టోబరు నాటిది. ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రమున ఐస్లాండు అను ద్వీపదేశము కలదు. ఆ నెల 24వ తేదీని అచటి స్త్రీలు పనులు మానిరట. దేశమునకు నాటి ప్రధానమంత్రిణియైన కత్రీన్ యాకబ్స్‌దొత్తిర్ గారును ఆనాడు పని మానిరి. ఇది వారికి క్రొత్త కాదు. 1975లో నిదే తేదీని ఆ దేశపు స్త్రీలు నూటికి తొంబదిమంది కచేరీపనియు ఇంటిపనియు ఒక్కమారుగా విడిచి వీథులలోనికి వచ్చిరి. బడులు మూతపడినవి. తండ్రులు పిల్లలను చంకబెట్టుకొని కచేరీలకు పోయిరి. సులభముగా వండదగిన సాసేజులు అను మాంసపుకాడలు దుకాణములలో మిగులలేదట. మరుసటియేడు స్త్రీపురుష సమానత్వమునకై శాసనము వచ్చినది. 1980లో విగ్దిస్ ఫిన్‌బొగాదొత్తిర్ అను స్త్రీని ఆ దేశప్రజలు అధ్యక్షురాలిగా ఎన్నుకొనిరి. ప్రజల యోటుచే దేశాధ్యక్షపదవి నందిన స్త్రీ లోకమున ఆమెయే మొదటిది.

ఈ వార్తను మా వారికి చదివి వినిపించితిని. ఆయన కండ్లజోడు సవరించుకొని, "అది మంచుదేశము. అచటివారికి ఆకలి తక్కువగా నుండును" అనిరి.

"ఆకలి తక్కువైన సాసేజు లెట్లయిపోయెను?" అంటిని.

మా వారు పాఠశాలలో గణితము చెప్పుదురు. ప్రశ్నకు సమాధానము లేనపుడు లెక్క తప్పని యొప్పుకొనుట వారికి అలవాటు. కాఫీ కలిపి తెత్తునని లేచిరి. మా వారికి వచ్చిన వంట అదియొక్కటే, అదియు పాలు పొంగి పొయ్యి ఆరిన పిమ్మట. అయినను కాఫీ వచ్చినది, త్రాగితిని.

కడపటి కాగితము ఇంకను డబ్బాక్రిందికి పోనిది. దేశమున జనులు దినమునందలి కాలమును ఎట్లు గడపుదురో జాతీయ గణాంక కార్యాలయమువారు లెక్కించిరి. జీతములేని యింటిపనిని చేయువారిలో స్త్రీకి దినమునకు సగటున 299 నిమిషములు, పురుషునికి 97 నిమిషములు పట్టుచున్నవని 2019లో తేలినది. 2024లో మరల లెక్కించిరి. స్త్రీకి 289, పురుషునికి 88. మన భారము పది నిమిషములు తగ్గినది. వారి భారమును తొమ్మిది నిమిషములు తగ్గినది! మనకు తగ్గిన పది నిమిషములను వారు పుచ్చుకొనలేదు సరికదా, తమవి తొమ్మిది విడిచిరి. ఆ పందొమ్మిది నిమిషముల పని ఎక్కడికి పోయెనని మా వారి నడిగితిని. రుబ్బురోటిపని గ్రైండరు చేయుట లేదా యనిరి. నిజమే. గ్రైండరు పిండి రుబ్బును. 108 గిన్నెలు తోమునట్టి యంత్రము మాత్రము మా అక్కయ్య యింట లేదు.

మరునాడు పిల్లలను మా వారికి అప్పగించి, ఈ కాగితములను సంచిలో పెట్టుకొని, రాజోలు బస్సెక్కితిని.

మా బావగారు చెడ్డవారు కారు. కూతుళ్ళనిన ప్రాణము. నేను పోవునప్పటికి వసారాలో కూర్చుండి, కాగితముమీద 1 నుండి 108 వరకు అంకెలు వేసి, ముప్పది రెండవ యంకెయొద్ద ఆగి యున్నారు. ముప్పది రెండవది వడియములు. ఆపైని ఏమియు తోచుట లేదు.

"నేను పూరింతును బావగారూ" అని కాగితము తీసికొంటిని. "నరసాపురమువారు బిస్కత్తులను, పానీయములను కూడ లెక్కించిరి గదా, మనమేల లెక్కింపరాదు? కల్లుప్పు ఒకటి, మెత్తని యుప్పు రెండు. కరగిన నేయి మూడు, పేరిన నేయి నాలుగు. తమలపాకు అయిదు, వక్క ఆరు, సున్నము ఏడు. కుండనీరు ఎనిమిది, బిందెనీరు తొమ్మిది, కాచి చల్లార్చిన నీరు పది. అమరకోశమున నీటికి ఇరువదికి పైగా పేరులున్నవి. పేరునకొక గ్లాసు చొప్పున పెట్టిన..."

అరగంటలో తొంబది దాటితిమి. పొయ్యి ముట్టింపనే లేదు. బావగారు మొదట నిజమనుకొని తల యూపిరి. అమరకోశము వచ్చుసరికి నవ్వు వచ్చినది. నవ్విన పిమ్మట ముఖము ముడుచుకొనిరి.

"మరదలా, నీకు పరిహాసముగా నున్నది. మొదటి పండుగ. 'అల్లునికి ఎన్ని పెట్టితి'రని రేపు నలుగురును అడిగిన నేనేమి చెప్పవలెను?"

అప్పుడు రెండవ పిల్ల గుమ్మములో నిలుచుండి యున్నది. ఆమె మెల్లగా, "నాన్నగారూ, ఆ 108లో నా ఫీజు ఎన్నవ వంటకము?" అనినది.

ఎవ్వరును మాటాడలేదు. అక్కయ్య ముఖమును కొంగుతో తుడుచుకొని లోపలికి పోయినది. బావగారు పెరటి కొబ్బరిచెట్లవైపు చూచుచు చాలసేపు కూర్చుండిరి. ఇంకను పక్వమునకు రాని ఆ గెలలు అప్పటికే అమ్ముడుపోయినవి.

నాకా క్షణమున నొకటి తెలిసినది. బావగారిని భయపెట్టుచున్నది అల్లుని యాకలి కాదు, వియ్యాలవారి కోపమును కాదు. ఆ "నలుగురు" అడుగబోవు ప్రశ్న. దానికొక మంచి యుత్తరము చేతికిచ్చినగాని ఆయన ఆ కాగితమును విడువరు. ఊరక వలదని చెప్పిన, పట్టుదల పెరుగునే గాని తరుగదు.

"బావగారూ, కనుమనాడు మన మెక్కడికి పోవుదుము?" అని యడిగితిని.

"జగ్గన్నతోటకు" అనిరి.

మన కోనసీమలో నున్నవారికి జగ్గన్నతోటను గురించి చెప్పనక్కరలేదు. దూరమున నున్న సోదరీమణులకై చెప్పుచున్నాను. అంబాజీపేట మండలమున మొసలపల్లి యొద్ద నున్న తోటలో కనుమనాడు చుట్టుప్రక్కల పదునొకండు గ్రామముల రుద్రులు ప్రభలపై వచ్చి కొలువుదీరుదురు. వెదుళ్ళతో కట్టి, రంగురంగుల వస్త్రములతో అలంకరించిన ఆ ప్రభలను భుజములమీద మోసికొని, పచ్చని చేల నడుమనుండి వత్తురు. గంగలకుర్రు ప్రభలు కౌశికను దాటునపుడు ఒడ్డున నిలుచున్నవారి గుండెలు నోటికి వచ్చును. 2023 జనవరి 26వ తేదీని ఢిల్లీలో జరిగిన గణతంత్రదినోత్సవమున మన రాష్ట్రపు శకటమీద ఈ ప్రభల తీర్థమునే చూపిరి. అదియును నాకు డబ్బాక్రిందనే దొరికిన వార్త.

"ఢిల్లీవరకు పోయిన మన రుద్రులు ఎందరు?" అంటిని.

"పదునొకండుగురు."

"కోనసీమకు పదునొకండుగురు రుద్రులు చాలుచుండగా, ఒక్క అల్లునికి పదునొకండు పదార్థములు చాలవా? ఎవ్వరైన అడిగిన, ఏకాదశరుద్రుల లెక్కన పెట్టితిమని చెప్పుడు. కాదనువా రెవరు?"

బావగారు కొంతసేపు లోలోపల లెక్క చూచుకొనిరి. "నీవు మీ తాతగారివద్ద చదివినది వృథా పోలేదు" అని కాగితమును మడిచి నాకిచ్చిరి. మరునాడే వర్తకునివద్దనుండి తెచ్చిన సొమ్ములో ఫీజుభాగమును వేరుచేసి, రెండవ పిల్లచేతనే కట్టించిరి.

ఆ పదునొకండు ఏవియో మీ రడుగుదురు గాన చెప్పుచున్నాను: పులిహోర, ముద్దపప్పు, కందబచ్చలి కూర, పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళము, కొబ్బరిపచ్చడి, గారెలు, బొబ్బట్లు, పరమాన్నము, ఆత్రేయపురపు పూతరేకులు, గడ్డపెరుగు. అన్నమును నేతిని లెక్కింపలేదు. రుద్రుల లెక్క తప్పరాదు గదా!

అక్కయ్యను పీటమీద కూర్చుండబెట్టి, నోటితో తప్ప చేతితో పని చేయనీయలేదు. పూర్ణము నేను రుబ్బితిని. పెండ్లికూతురు గారెలు వేసినది. రెండవ పిల్ల పనసపొట్టు కొట్టినది. కొబ్బరి కోరుటకును, కంద తరుగుటకును ఎవ్వరును లేకపోవుటచే ఆ పనులు బావగారిమీద పడినవి. ఆయన చేతికి నూనె రాచుకొనవలెనని ఎరుగరు, మేము చెప్పుట మరచితిమి. పావుగంటలో రెండుచేతులును దురదలు పుట్టి, చింతపండునీటి చెంబులో చేతులు ముంచుకొని, "దీనిని మీరు ఏటేట తరుగుచున్నారా?" అని అక్కయ్య నడిగిరి. "ఇరువదినాలుగేండ్లనుండి" అని అక్కయ్య చెప్పినది. ఆ పెండ్లినాటినుండి ఆయన యీ ప్రశ్నను వేయుట అదియే మొదలట.

అల్లుడు మంచివాడు. ఏడవ పదార్థమునకే చాలుననెను. బొబ్బట్లకొరకు కొంచెము జరిగి కూర్చుండెను. పూతరేకులను మరునాటికి దాచుకొనెను. ఆ దినము సాయంకాలము, ఎదురు చూచినట్లే, వీథిచివరి పెద్దమనిషి వచ్చి, అరుగుమీద కూర్చుండకమున్నే, "పదునొకటేనా?" అనిరి.

ఏకాదశరుద్రుల మాట సిద్ధముగా నున్నదని నే నెదురుచూచుచుంటిని. బావగారు ఎఱ్ఱబడిన తమ చేతుల నొకసారి చూచుకొని, "తిన్న అల్లుడు సంతోషించెను. కందకు లేని దురద కత్తిపీటకేలనండీ?" అనిరి. ఆ పెద్దమనిషి రెండు దినములు మావైపు చూడలేదు. మూడవనాడు పూతరేకులు పంపగా ప్రసన్నులైరి.

అన్నియు చక్కబడినవని చెప్పి మిమ్ము మోసగింపను. వియ్యపురాలు ఈ పదునొకటిని గురించి యేమనుకొనినదో ఇంతవరకు తెలియలేదు. ఫోనులో "పండుగ బాగుగా జరిగినదా వదినగారూ?" అనినపుడు ఆ "బాగుగా" అను మాటను ఆమె కొంచెము సాగదీసినదని మా అక్కయ్య బెంగ. నేను సాగదీయలేదని వాదించితిని. అక్కయ్య మనస్సు మాత్రము ఇంకను కుదుటపడలేదు. వచ్చే యేడు ఎన్ని యని బావగారు ఇప్పుడే ఆలోచించుచున్నారని వినికిడి. పండ్రెండైన ద్వాదశాదిత్యుల లెక్క చెప్పవచ్చును. ఇరువదియేడైన నక్షత్రములున్నవి. అంతకు మించిన నా శాస్త్రము చాలదు.

సోదరీమణులారా! ఘనముగా విందు చేయువారిని తప్పుపట్టుటకు నేను దీనిని వ్రాయలేదు. కలిగినవారు, సహాయమునకు మనుష్యులున్నవారు, ముచ్చట తీర్చుకొందురు గాక. చూచి మనమును ఆనందింతము. కాని ఆ పటము ఫోనులో మన యింటికి వచ్చినపుడు, గిన్నెలతోపాటు రెండు ప్రశ్నలను కూడ లెక్కపెట్టుకొనుట మంచిది. మన యింట నిన్ని వండవలసిన చేయి యెవరిది? దానికి పెట్టెడు సొమ్ము ఎవరి భాగమునుండి వచ్చుచున్నది? ఈ రెండింటికి ఇంటిల్లపాదియు కూర్చుండి ఉత్తరము చెప్పుకొనిన పిమ్మట ఎన్ని పెట్టినను రుచిగనే యుండును.

ఫీజు రశీదును నా ఫోనులో పటము తీసి, 365 గిన్నెల పటమును నాకు పంపిన బంధువులందరికిని నేనును పంపితిని. బావగారి 108 అంకెల కాగితమును ఇంటికి తెచ్చి, ఉప్పు మొదలు నీటిపేరులవరకు వ్రాసిన నా పట్టికతో సహా, చింతపండు జాడీ క్రింద పరచితిని. వచ్చు ధనుర్మాసమున దులుపునపుడు మరల చదువుకొందును.